మా ఇంటి కుప్ప

మృగశిర కార్తె వచ్చిందంటే వరంగల్‌లో చేపల దుకాణాల ముందు కాలు పెట్టే సందుండదు. మా ఊళ్లో మాత్రం ఆ రోజు ఎవరూ చేపలు కొనరు. మాది వర్ధన్నపేట దాటాక లోపలికి పోయే ఊరు. అప్పటికి ఎండలకు చెరువు నీళ్లు మోకాలి లోతుకు దిగి ఉంటాయి. మృగశిర నాటి తెల్లవారుజామునే చేపలు పట్టే ఇళ్లవాళ్లంతా కలిసి వలలు దింపుతారు. పట్టిందంతా కట్ట మీద ఇంటికో కుప్పగా పోస్తారు. ప్రతి కుప్పలోంచి కొంత తీసి పెద్ద గిన్నెల్లో పులుసు పెడతారు. సాయంత్రం ఊరంతా అక్కడే తింటుంది. కుప్ప వచ్చిన ఇళ్లది ఒక బంతి, రానివాళ్లది చుట్టాల బంతి.

నాయన చనిపోయిన ఏడాది మాకు కుప్ప రాదని తెలుసు. నీళ్లలోకి మనిషి దిగని ఇంటికి కుప్ప లేదన్నది ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు. నేను హన్మకొండలో కాపురం చేసుకుంటున్నాను. ఊళ్లో మిగిలింది అమ్మ ఒక్కతే.

"నేను రాను బిడ్డా," అంది అమ్మ. "ఇన్నేండ్లు ఆ పులుసు నా చేత్తోని కలిపిన. ఇప్పుడు చుట్టం లెక్క కూసొని తినుడు నాతోని కాదు."

నాకు ఒళ్లు మండింది. బట్టల దుకాణంలో రోజంతా బేరాలాడే నోరు నాది, కట్ట మీద నలుగురినీ కడిగేద్దామనే పోయాను. చేపలు తోమడానికి మనుషులు తక్కువున్నారని అబద్ధమాడి అమ్మను లాక్కెళ్లాను. ఆమె ఎవరి ముఖమూ చూడకుండా ఓ మూల కూర్చుని, కొర్రమట్ట చేపల జిగురు పోయేలా బూడిద వేసి రుద్దుతోంది.

పంపకం మొదలైంది. పెద్ద చేప ఎవరికి పోయిందన్న పంచాయితీ రాకుండా మా దగ్గర ఒక పద్ధతి ఉంది. నాయనకు అన్న వరసయ్యే పెద్దనాయన కుప్పలకు వీపు పెట్టి, చెరువు వైపు తిరిగి కూర్చుంటాడు. ఒకరు కుప్ప మీద కట్టె పెట్టి "ఇదెవరిది?" అని అడుగుతారు. ఆయన ఏదో ఒక ఇంటిని చెబుతాడు. చెప్పిన మాట వెనక్కి తీసుకునేది లేదు. ఆయన ముసలాయన, నీళ్లలోకి దిగలేడు. ఒంటరి మనిషి. ఈ పని చేసినందుకే ఆయన ఇంటికీ ఒక కుప్ప.

నాలుగైదు కుప్పలు అయ్యాయి. మళ్లీ కట్టె పడింది.

"ఇదెవరిది?"

ఆయన మా నాయన పేరు చెప్పాడు.

బూడిద చేతులతో అమ్మ అట్లాగే ఆగిపోయింది. ఎవరో మెల్లగా, "పెద్దనాయనా, ఆ ఇల్లు ఈసారి లేదు గదా," అన్నారు.

"అడిగినవ్, చెప్పిన. ఇంకోటి అడుగు," అన్నాడు తిరక్కుండానే.

పాపం, వయసు మీద పడి మతి తప్పిందనుకున్నాను. చివరి కుప్ప కూడా అయిపోయాక తెలిసింది, చెప్పకుండా మిగిలిన ఇల్లు ఆయనదేనని. నా నోట్లో ఉన్న తగాదా అంతా నోట్లోనే ఉండిపోయింది.

అన్నాలకు పిలిచినప్పుడు పెద్దనాయన లేచి, కర్ర పోటేసుకుంటూ నడిచి చుట్టాల బంతిలో కూర్చున్నాడు. పక్క ఊరి పిల్లలు, ఎవరింటికో వచ్చిన అల్లుడు, వాళ్ల మధ్య ఈయన. అమ్మ పులుసు గిన్నె పట్టుకుని ఆయన విస్తరి ముందుకు పోయింది.

"ఇక్కడెందుకు కూసున్నవ్ బావా? లే, మన బంతికి రా."

"కుప్ప లేనోడు యాడ కూసోవాల్నో నాకెరుకే," అన్నాడు ఆయన, అన్నంలో గుంట చేసుకుంటూ. "నాకేం ఫికర్ లేదు. నేనీడ కూసుంటే ముసలోడు మర్శిపోయిండంటరు, అంతే. నువ్వు కూసుంటే, తమ్ముడు పోయిండని ఊరంతా యాది చేసినట్టయితది. పులుసు పొయ్."

అమ్మ ఆ గుంట నిండా పులుసు పోసింది. నాయన పోయినప్పుడు కూడా మా ముందు కంట నీరు పెట్టని మనిషి, ఆ బంతి నడుమ నిలబడి గట్టిగా ఏడ్చింది.