ప్రతి అణువూ సమ్మేళనం కాదు

ఆ ఆసుపత్రిలో డాక్టర్ల దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ ఆమె పెద్దక్కే. ఇరవై రెండేళ్లుగా మూడో అంతస్తు తుడుస్తోంది. నేల మీద మరక కనిపిస్తే ఆమెకు ముద్ద దిగదు. ఏడో తరగతితో బడి మానేసినా అక్షరాలు మర్చిపోలేదు. డబ్బాల మీద రాసినవి కూడబలుక్కుని చదువుకునేది.

ఒక ఉదయం స్నానాల గదిలో మరక వదలకపోతే, బ్లీచింగ్ నీళ్లు పోసిన చోటే యాసిడ్ కూడా పోసింది. రెండూ కలిస్తే పని రెట్టింపు అవుతుందనుకుంది. నేల మీంచి ఘాటుగా ఏదో లేచింది. కళ్లు భగ్గున మండాయి, ఊపిరి గొంతులోనే ఆగిపోయింది. గోడ పట్టుకుని ఎలాగో బయటికొచ్చి కూలబడింది. తాను తుడిచే గదిలోనే రెండు రోజులు రోగిగా పడుకుంది.

పెద్ద నర్సు తిట్టలేదు. "ఆ రెండూ కలిపితే క్లోరిన్ వస్తుంది పెద్దక్కా. ఇంకెప్పుడూ కలపకు" అంది.

"డబ్బాల్లో ఉన్నంతసేపూ ఊరుకున్నవి, కలవగానే ఎందుకట్లా మీద పడ్డాయమ్మా?"

"అదంతా కెమిస్ట్రీ. పదో తరగతి పుస్తకంలో ఉంటుందిలే."

ఆ మాట పెద్దక్క మనసులో ముల్లులా దిగబడింది. ఇంటికొచ్చిన రోజే కోడల్ని అడిగింది. "అమ్మాయ్, ఈ వయసులో నేను పదో తరగతి పరీక్ష రాయొచ్చా?"

కోడలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పెళ్లికి ముందు ఇంటర్లో సైన్సు చదివింది. మిషను ఆపి అత్తగారి ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదని తేలాక, "రాయొచ్చు అత్తయ్యా, నేను చెప్తాను. కానీ నేను అరిస్తే మీరు అలగకూడదు" అంది.

"నేను అరిచినన్నాళ్లూ నువ్వు అలిగావా ఏంటి?"

"అలిగాను. మీరే చూడలేదు."

మర్నాడే పెద్దక్క పదో తరగతి పుస్తకాలు తెచ్చుకుని కోడలి ముందు కూర్చుంది.

మిగతా సబ్జెక్టులన్నీ ఎలాగో గట్టెక్కాయి గానీ సైన్సు కొరకరాని కొయ్యే అయింది. సూత్రాలన్నీ బట్టీ పట్టింది. పరీక్ష హాల్లో కూర్చోగానే అవన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వందకి పంతొమ్మిది మార్కులొచ్చి తప్పింది. "ఈసారి మనవణ్ని కూడా తీసుకెళ్లు పెద్దక్కా, తోడుంటాడు" అన్నాడు లిఫ్టు నడిపే ఆయన. ఆమె నవ్వినట్టే నవ్వి మెట్లెక్కి వెళ్లింది.

మళ్లీ ఫీజు కట్టిన వారం, అత్తగారు కళ్లు మూసుకుని వల్లె వేస్తుంటే కోడలు విన్నది.

"హెచ్ టూ ఓ అంటే ఏంటి అత్తయ్యా?"

"నీళ్లు."

"మరి ఆ రెండెందుకు?"

"ఏమో, పైన చోటు లేక కింద రాశారేమో."

కోడలు పడీపడీ నవ్వి, కళ్లు తుడుచుకుని, గుండీల పెట్టె నేల మీద బోర్లించింది. "ఒక్కో గుండీ ఒక్కో పరమాణువు అనుకోండి. ఈ పెద్దది ఆక్సిజన్, రెండు చేతులున్నాయి. చిన్నవి హైడ్రోజన్, ఒక్కోదానికి ఒకటే చెయ్యి. ఏ చెయ్యీ ఖాళీగా ఉండకూడదు. కట్టండి."

పెద్దక్క పెద్ద గుండీకి చెరోవైపూ ఒక చిన్న గుండీని దారంతో ముడేసింది. చేతులన్నీ నిండాయి. "అయితే రెండంటే ఈ చిన్నవా?" అంది నెమ్మదిగా.

"అవే. ఇది నీటి అణువు. రకరకాల గుండీలు ముడిపడ్డాయి కాబట్టి సమ్మేళనం."

"ఒకే రకానివి రెండు ముడిపడితే?"

"అదీ అణువే. కానీ మూలకం."

"ముడి పడకుండా ఈ పెట్టెలో ఉన్నట్టు పడుంటే?"

"మిశ్రమం. ఏరితే విడిపోతాయి. ముడిపడితే మాత్రం పాత గుణం పోతుంది. సోడియం నీళ్లలో పడితే మండుతుంది. క్లోరిన్ సంగతి మీకు తెలియంది కాదు. ఆ రెండూ ముడిపడితే మనం కూరలో వేసుకునే ఉప్పు."

పెద్దక్క ఒక గుండీ ముడి విప్పి, ఇంకోదానికి కట్టి చూసింది. "అంటే ఆ రోజు ఆ నేల మీద పాత ముళ్లు ఊడి కొత్తవి పడ్డాయన్నమాట" అంది చివరికి.

ఆ మాట పుస్తకంలో లేదు. కోడలు చెప్పలేదు. ఆమెకు ఆమే తేల్చుకుంది. ఇక ఈమెకు తిరుగులేదని కోడలికి అప్పుడే తెలిసిపోయింది.

పరీక్షలో నాలుగో ప్రశ్న: ప్రతి అణువూ సమ్మేళనమేనా? ఉదాహరణతో వివరించండి. పెద్దక్క చదివి, కలం మూత తీసింది. కాదని రాసింది. క్లోరిన్ అణువులో రెండూ క్లోరిన్ పరమాణువులే కాబట్టి అది అణువే గానీ సమ్మేళనం కాదని రాసింది. చివర "క్లోరిన్ విషవాయువు. ఇది నేను పీల్చి తెలుసుకున్నాను" అని ఇంకో వాక్యం చేర్చింది. కొట్టేద్దామా అనుకుని, నిజమే కదా అని వదిలేసింది.

సైన్సులో డెబ్బై ఎనిమిది వచ్చాయి. కోడలు ఆ కాగితం పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లి, "మా అత్తయ్య పాసయ్యారు" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది. మర్నాడు లిఫ్టాయన తలుపు తెరిచి పట్టుకున్నాడు. "మూడో అంతస్తేగా మేడమ్?" అన్నాడు. అందులో ఎగతాళి లేదు.

నెల తిరక్కుండానే శుభ్రపరిచే సామాను గది బాధ్యత ఆమెకు అప్పగించారు. ఏ సీసా పక్కన ఏది ఉండాలో, కొత్తగా చేరినవాళ్లకు ఏం నేర్పాలో అంతా ఆమే చూడాలి. ఆ గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆసుపత్రి కుర్చీలన్నీ తుడిచింది గానీ ఒక్కదాంట్లోనూ కూర్చోలేదు. మొదట అంచున కూర్చుంది. కాసేపటికి హాయిగా వెనక్కి వాలి, మొదటి సీసా మీద అతికించాల్సిన కాగితం రాయడం మొదలుపెట్టింది.