ఇప్పచెట్టు మీద ఎర్రగుడ్డ

జగదల్‌పూర్‌లో నేను పాఠాలు చెప్పే బడిలో, మా చిన్నమ్మ ఇప్పచెట్టు సంగతి చెప్పబోతే తోటి మాస్టార్లు పొట్ట పట్టుకుని నవ్వారు. ఒకాయన “అడవి మనుషులు” అన్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏటా అలాంటి నవ్వే నేనూ పిల్లల చేత నవ్వించానన్నది ఇంకా ఎక్కువ మండిస్తుంది.

బెలూన్ల పాఠం అంటే నాకు హుషారు. ఫ్రాన్సులో కాగితాలు తయారుచేసే అన్నదమ్ములు గడ్డీ ఉన్నీ తగలబెట్టి, ఆ పొగతో సంచి నింపి, గొర్రెనూ బాతునూ కోడిపుంజునూ ఆకాశం ఎక్కించారు. అదే ఏడు ఇంకొకాయన హైడ్రోజన్ నింపి వదిలిన బెలూన్ ఓ పల్లెలో పడింది. అక్కడి రైతులు దాన్ని రాక్షసి అనుకుని, గడ్డి ఎత్తే పంగల కర్రలతో పొడిచి, గుర్రం తోకకు కట్టి ఈడ్చారు. ఇక్కడికి రాగానే నేను గుర్రంలా సకిలించేవాణ్ణి. పిల్లలు పడీపడీ నవ్వేవారు.

మొన్న ఇప్పపూల కాలంలో తర్లగూడ దగ్గరి మా ఊరికి వెళ్ళాను. చిన్నమ్మ ఒంటరిది. కూలి పని దొరకని ఎండాకాలం ఇప్పపువ్వు ఎండబెట్టి అమ్ముకునే గడుపుకొస్తుంది. అడవి చెట్లకు పట్టాలుండవు. పువ్వు రాలే ముందు ఎవరు గుడ్డపేలిక కడితే ఆ ఏడు ఆ చెట్టు వాళ్ళది. ఇంకొకరు రాలిన ఒక్క పువ్వు కూడా ముట్టరు. కాపలా లేదు, తగవు లేదు. ఈసారి జ్వరం వల్ల చిన్నమ్మ నాలుగు రోజులు ఆలస్యంగా వెళ్ళింది. ఏళ్ళ తరబడి తాను ఏరుకునే చెట్టుకు ఎర్రగుడ్డ కనిపించింది. ఖాళీ బుట్టతో ఇంటికి వచ్చేసింది.

నేను చూసేసరికి ఆ చెట్టు కింద పువ్వు కుళ్ళి, పులిసిన వాసన కొడుతోంది.

“ఇన్ని దినాలు ఎవరూ ఏరకపోతే నువ్వే ఏరుకోవచ్చు గదా చిన్నమ్మా?”

“మందిది ఎట్ల ముట్టుకుంటం బిడ్డా? వాళ్ళకు గూడ జరమొచ్చిందో ఏమో.”

“అంత పైన ఎవరు కడతరు?”

“గొడ్లు గుంజకుండ కట్టిన్రేమో.”

నాకు అనుమానం వచ్చింది. దోటి తెచ్చి లాగాను. గుడ్డతో పాటు దారం, చిరిగిన రబ్బరు తొక్క, తెల్లటి చిన్న డబ్బా కింద పడ్డాయి. గాలినీ వేడినీ కొలవడానికి ఎవరో ఎక్కడి నుంచో వదిలిన బెలూన్ అది. పైన పగిలిపోయి, కింద కట్టిన పారాచూట్ లాంటి ఎర్రగుడ్డతో దిగి కొమ్మకు చిక్కుకుంది. డబ్బా మీద హిందీలో, ఇంగ్లీషులో అచ్చు వేశారు: ప్రమాదం లేదు, తిరిగి ఇవ్వక్కర్లేదు, పారేయవచ్చు.

ఫ్రాన్సు రైతులు ఆ బెలూన్‌ను చింపి పోగులు పెట్టాక అక్కడి సర్కారుకైనా బుద్ధొచ్చింది. ఆకాశంలో ఇలాంటివి వస్తాయి, భయపడకండి అని జనానికి చాటించింది. ఆ సంగతి నేను క్లాసులో ఎన్నడూ చెప్పలేదు, దానికి నవ్వు రాదు గనుక. మావాళ్ళకు మాత్రం చాటింపును చెట్టు చివర వేలాడదీశారు, అదీ చిన్నమ్మకు చదవరాని భాషల్లో. ఆమె తెలుగు, దోర్లీ, గోండీ మాట్లాడుతుంది, సంతకు సరిపడా హల్బీ కూడా. ఆమెను అడవి మనిషి అన్న పెద్దమనిషికి ఒకటిన్నర భాష వచ్చు.

“ఏంది బిడ్డా అది, ఎవరిదంట?” అని అడిగింది.

“ఎవరికీ వద్దంట చిన్నమ్మా. పారెయ్యమని రాసిన్రు.”

ఆమె వంగి కుళ్ళిన పువ్వును గుప్పెట్లోకి ఎత్తింది.

“వద్దనుకున్నోళ్ళు నా చెట్టుకెందుకు కట్టిన్రు?”

ఈ మాట కూడా చెబుదామనే స్టాఫ్‌రూమ్‌లో మొదలుపెట్టాను. వాళ్ళు ఎర్రగుడ్డ దగ్గరే నవ్వడం మొదలుపెట్టారు.