భీమిలికి నడిచొచ్చిన అల్లుడు

విశాఖపట్నం నుంచి భీమిలి ఎంత దూరమని ఎవరినడిగినా పాతిక కిలోమీటర్లంటారు. నేను ఒప్పుకోను. ఆ కొలత కొలిచినవాడు మెత్తటి పాత చెప్పులు వేసుకుని ఉంటాడు. కొత్త కిర్రు చెప్పులు తొడుక్కుని, ఇసకలో, పక్కన బావమరిదిని పెట్టుకుని కొలిస్తే అది కాశీ కంటే ఓ రెండు మైళ్ళు ఎక్కువే తేలుతుంది.

ఎనభైలు ఇంకా మొదలై మొదలవని రోజులు. నాకు పోర్టులో ఉద్యోగం, వన్‌టౌన్‌లో ఒక గది, ఒక బెల్‌బాటమ్ ప్యాంటు, కొత్తగా ఒక భార్య ఉండేవి. ప్యాంటు సంగతి ముందు చెప్పాలి. దాన్ని మా వీధి చివర సాయిబు గారు కుట్టారు. ఒక్కో కాలికి పట్టిన గుడ్డతో పడవకి తెరచాప కుట్టొచ్చు. అది చాలదన్నట్టు కింద జానెడు వెడల్పున బయటికి మడత పెట్టారు. "ఇదెందుకండీ?" అంటే, "అరే బాబూ, పెళ్ళైనోడివి, రేపు అత్తారింట్లో తిండికి ఎత్తు పెరిగితే? విప్పుకో, ఫికర్ లేదు" అన్నారు. ఆ మడతలో మా చిన్న ఊరి జనాభా హాయిగా తలదాచుకోగలదు.

భార్య సంగతి. పెళ్ళై నెల తిరక్కుండానే ఆషాఢం వచ్చిపడింది. ఆ నెలంతా అత్తాకోడళ్ళు ఒక కప్పు కింద ఉండకూడదు, కొత్తల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. మా అమ్మ ఉన్నది ఎక్కడో పల్లెలో, మేమున్నది వన్‌టౌన్ గదిలో. ఒక కప్పు కింద ఉండే ప్రమాదం ఏ కోశానా లేదు. అయినా శాస్త్రం శాస్త్రమే కాబట్టి, నా భార్యను భీమిలి పుట్టింటికి పంపేశారు. నేను గదిలో ఒంటరిగా అన్నం మాడ్చుకుంటూ, పోర్టులో ఏ ఓడ కూత పెట్టినా నాకోసమే ఏడుస్తోందనుకుంటూ బతికాను.

మా ఇద్దరికీ వార్తలు మోసేవాడు నా బావమరిది, అంటే ఆమె అన్న. కూర్మన్నపాలెం అవతల స్టీలు ప్లాంటు కోసం నేల చదును చేస్తుంటే అక్కడ పని అతనికి. ఆదివారం ఆదివారం భీమిలి వెళ్తూ నా గదిలో ఆగి, నా అన్నం తిని, నన్ను ఏడిపించి పోయేవాడు. ఒకరినొకరం "బావా" అనే పిలుచుకునేవాళ్ళం.

"ఏటి బావా, సిక్కిపోనావు? శ్రావణం వొచ్చేక బస్సెక్కి వొచ్చేద్దువులే" అన్నాడోసారి.

ఆ పూట నాకు ఏ దెయ్యం పట్టిందో. "బస్సెందుకు బావా, మీ చెల్లెలి కోసం సముద్రం ఒడ్డునే నడిచొస్తాను" అన్నాను.

అప్పట్లో భీమిలికి సముద్రం పక్కన రోడ్డు లేదు. బస్సు లోపలి దారిన తగరపువలస చుట్టి వెళ్ళేది. ఒడ్డునంతా జీడిమామిడి, సరుగుడు, మొగలిపొదలు, తాటిచెట్లు. ఎక్కడో ఒక జాలరిపేట. అటు పని లేనివాడు పోడు. నేనన్నది మాట వరసకి. మొగుడన్నాక అలాంటివి అంటాడు, పెళ్ళామన్నాక నవ్వి ఊరుకుంటుంది.

మా ఆవిడ ఊరుకోలేదు. తర్వాతి ఆదివారం బావ గుమ్మంలోంచే కేకేశాడు.

"బావా, కొంప ములిగిపోనాది. నువ్వు నడిసొత్తావని మా సెల్లి ఈదీదంతా సెప్పేసింది. ఆడోళ్ళందరూ నవ్వేరు. 'మొగోళ్ళు పెళ్ళైన కొత్తలో సందమామని కూడా తెత్తామంటారే' అని ఏడిపించేరు. అదేటందో తెలుసా? 'మా ఆయన అన్నాడంటే అయిపోయినట్టే' అంది. ఇప్పుడు నువ్వు బస్సు దిగేవనుకో, దాని మొకం ఆ ఈదిలో ఎక్కడెట్టుకుంటాది?"

పుట్టాక నా మాటని ఒక మనిషి నమ్మడం అదే మొదటిసారి. ఇంట్లో అమ్మ నేను జ్వరమంటే చెయ్యి పెట్టి చూసేది, ఆకలంటే కుండ మూత తీసి చూసేది. అలాంటి నన్ను ఒక పిల్ల వీధి మధ్య నిలబడి నమ్మింది. నడవక తప్పుతుందా?

ఇక్కడ నాకు తెలియని ముక్క ఒకటుంది. ఆ వీధి పంచాయితీలో మా ఆవిడ నాన్నమ్మ ఒక పరీక్ష ఖాయం చేసింది. "రాగానే కాళ్ళకి నీళ్ళిత్తాం కదే. ఆ నీళ్ళే సెప్తాయి. ఎర్రమట్టి దిబ్బల మీంచి వొచ్చినోడి కాళ్ళ నీళ్ళు కుంకం నీళ్ళలాగుంటాయి. బస్సులో వొచ్చినోడివి బావి నీళ్ళలాగే ఉంటాయి." ఈ సంగతి బావకీ తెలీదు, నాకూ తెలీదు. తెలిస్తే ఈ కథే లేదు.

శ్రావణం రాగానే ఒక మబ్బు పొద్దున, చేతిలో మాడుగుల హల్వా పొట్లంతో, భుజాన ట్రాన్సిస్టర్ వేసుకున్న బావతో, బీచ్ దగ్గర ఇసకలోకి దిగాను. బావ సాక్షిగా వస్తానన్నాడు. నా కొత్త చెప్పులు అడుగుకో కిర్రు పెట్టేవి. లాసన్స్ బే దాటేలోపు ఆ చప్పుడుకి లంగరేసిన ఓడల్లో ఇంజనీర్లు ఏ బోల్టు వదులైందోనని కిందికి దిగి వెతుక్కున్నారని తర్వాత పోర్టులో చెప్పుకున్నారు. చెప్పినవాడిని నేనే అనుకోండి.

రుషికొండ చేరేసరికి చెప్పులు కరవడం మొదలెట్టాయి. మామూలుగా కరవలేదు. వెనక మడమ, ముందు బొటనవేలు, రెండూ ఒకేసారి, రెండు కుక్కలు పంచుకున్నట్టు. విప్పి చేత్తో పట్టుకున్నాను. ఉత్తకాళ్ళతో నడుస్తుంటే గంగాళం మూతలంత పీతలు బారులు తీరి దారిచ్చాయి. వాన వచ్చింది. ట్రాన్సిస్టర్‌ని బావ చొక్కాలో దాచాడు. చొక్కాలోంచే వార్తలు చదివిన ఆకాశవాణి వినడం అదే మొదలు, అదే చివర.

మంగమారిపేట దగ్గర ఒక గుడిసె ముందు ముసలమ్మ వల బాగుచేసుకుంటోంది. మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"ఎక్కడికెల్తన్నార్రా బాబూ?"

"భీమిలికి. అత్తోరింటికి" అన్నాడు బావ.

"బస్సు లేదేటి?"

"ఉంది."

"మరి?"

"ఈ బావకి నిన్నగాక మొన్నే పెళ్ళయ్యింది."

"ఓలమ్మా, అదా జబ్బు!" అని లోపలికెళ్ళి రెండు ముంతల చోడంబలి తెచ్చింది. రాగుల్ని మా వైపు చోళ్ళంటారు. ఉల్లిపాయ, ఎండుచేప ముక్క. చెబితే నమ్మరు గానీ, ఆ అంబలి కడుపులోకి దిగుతుంటే నా మోకాళ్ళు "మాకూ, మాకూ" అన్నాయి. "ఎల్లు నాయినా, ఎల్లు. పిల్ల ఎదురుసూత్తుంటాది" అని వీపు తట్టింది.

ఆ తట్టుడు బలం మీద ఎర్రమట్టి దిబ్బలు ఎక్కాం. దేవుడు లోకానికంతటికీ కారం దంచి అక్కడ ఆరబోసి మరిచిపోయినట్టుంటాయవి. వానకి మెత్తబడి, మోకాలిదాకా లాగుతాయి. ఎక్కుతాం, జారుతాం. బావ నా బెల్‌బాటమ్ పట్టుకుని ఎక్కాడు, నేను బావ జుట్టు పట్టుకుని ఎక్కాను. దిగేసరికి ఇద్దరం పచ్చడి జాడీలోంచి బయటికి తీసినట్టున్నాం.

కిందికి దిగాక ఒక గెడ్డ పారుతోంది. తేటనీరు. అవతల దూరంగా భీమిలి లైట్‌హౌస్ కనబడింది. నాకు హఠాత్తుగా గుర్తొచ్చింది, నేను కొత్తల్లుణ్ణని. ఈ అవతారంతో వెళితే గుమ్మంలో పిల్లలు ఝడుసుకుంటారు. ప్యాంటు మోకాళ్ళ పైకి లాక్కుని, గెడ్డ ఒడ్డున కూర్చుని కాళ్ళు తోముకున్నాను. మామూలుగా తోమానా? గోళ్ళ సందుల్లో పుల్ల పెట్టి తీశాను. ఇసకతో రుద్దాను. ప్యాంటుది ఎలాగూ ఇటుకరంగే కాబట్టి పైపైన తడిగుడ్డతో తుడిచాను. తల దువ్వాను. బావకీ తోమించాను.

"పెళ్ళిసూపులకెల్తన్నావేటి బావా? తాళి కట్టేసిన పెళ్ళామే కదా!" అన్నాడు.

నేను వినలేదు. బాసింపట్టు వేసుక్కూర్చునే పెళ్ళికొడుకు కాళ్ళు కూడా అంత తెల్లగా ఉండవు.

వీధిలోకి అడుగు పెట్టేసరికి అరుగుల నిండా జనం. ఎవరి పండగో అనుకున్నాను, నాదే. మా అత్తగారు చెంబుతో ఎదురొచ్చింది. "రండి బాబూ" అంటూ నీళ్ళు పోసింది. నాన్నమ్మ మెట్టు మీద వంగి కూర్చుని నా కాళ్ళనే చూస్తోంది. ఇంత భక్తా అని మురిసిపోయాను.

నీళ్ళు తేటగా జారాయి.

"కొబ్బరినీళ్ళలాగున్నాయే" అంది నాన్నమ్మ. అరుగుల మీద నవ్వు పొంగింది. అప్పుడు ఆ పరీక్షేదో చెప్పారు. నేను నా సాక్షి వైపు తిరిగాను.

బావమరిది అనేవాడికి ప్రపంచంలో ఒక హక్కుంది, దాన్ని ఏ కోర్టూ తీసెయ్యలేదు. మావాడు ఆ హక్కు వాడుకున్నాడు. తల గోక్కుని, నేల చూసి, "నిజం సెప్పీమంటావా బావా?" అన్నాడు. "బస్సేనమ్మా. కిటికీ పక్క సీటు. తగరపువలసలో పకోడీలు కూడా తిన్నాడు."

వీధి వీధంతా గొల్లుమంది. నేనూ నవ్వబోయి తలుపు వైపు చూశాను. తలుపు వెనక నా భార్య. నెల రోజుల తర్వాత చూడటం. నవ్వడం లేదు. నన్ను చూడటం కూడా లేదు. ఎదురింటావిడ "ఏటే, మీ ఆయన అన్నాడంటే అయిపోయినట్టేనా?" అంది. గాజుల చప్పుడు లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

బావ మొహంలో నవ్వు ఆరిపోయింది. "కాదే, ఏలాకోలానికన్నాను. నిజంగానే నడిసొచ్చేం, ఒట్టు!" అన్నాడు.

"నీ ఒట్టు గట్టున ఎట్టు" అంది వాళ్ళమ్మ. "ఇందాక బస్సన్నావు, ఇప్పుడు నడకంటన్నావు. కాసేపాగితే ఇమానమంటావు."

నేను రంగంలోకి దిగాను. అది ఇంకా పెద్ద తప్పు. గంగాళం మూతలంత పీతల గురించి చెప్పాను, చొక్కాలో వార్తల గురించి చెప్పాను, మాట్లాడిన మోకాళ్ళ గురించి చెప్పాను. చెప్పేకొద్దీ జనం ఇంకా నవ్వారు. జన్మలో ఒక్కసారి అన్న మాట నిజం చేస్తే, దాన్ని చెప్పడానికి నా దగ్గర అబద్ధాల భాష తప్ప ఇంకోటి లేకపోయింది. కుంటుతూ చూపించాను. "బస్సులో కూకుంటే తిమ్మిరెక్కుతాయి నాయినా" అని నాన్నమ్మ ఓదార్చింది.

సాయంత్రం మా ఆవిడ మడత పంచె నా పక్కన పెట్టింది. నేను మార్చుకున్నాక ప్యాంటు తీసుకుని పెరట్లో బావి దగ్గరికి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళి, అరటిచెట్టు పక్కన దొంగలా నిలబడ్డాను. ఉతకడానికి తిరగేసి ఒక్క దులుపు దులిపింది.

సాయిబు గారి మడత విచ్చుకుంది.

ముందు ఎర్రమట్టి. ఒక దోసిలి కాదు, తట్టెడు. దాని వెనక బూడిదరంగు ఇసక. దాని వెనక తెల్లటి బీచ్ ఇసక, గవ్వలు, సరుగుడు పుల్లలు. నేను నడిచిన దారంతా వరసలు తప్పకుండా వెనక్కి రాలింది. చివర్న ఒక పిల్లపీత. అది బతికే ఉందని నేనంటాను, చచ్చిపోయిందని ఆవిడంటుంది. ఇన్నేళ్ళైనా తేలలేదు.

ఆవిడ కాసేపు ఆ కుప్పనే చూసింది. తర్వాత రెండో కాలు దులిపింది. చేట తెచ్చి అంతా ఎత్తింది. నన్ను దాటుకుని వెళ్తూ, "మడిసన్నోడు ఎక్కడైనా అత్తోరింటికొస్తూ కాళ్ళు కడుక్కుంటాడేటండీ?" అంది.

"నీకు బాగా కనబడదామని..."

"బాగానే కనబడ్డారు" అంటూ వీధిలోకి నడిచింది.

అరుగు అరుగు దగ్గరా ఆగి, అమ్మవారి ప్రసాదంలా చేట చూపించింది. ఎదురింటావిడకి రెండుసార్లు చూపించింది. నాన్నమ్మ ఎర్రమట్టిని వేళ్ళ మధ్య నలిపి, "మన దిబ్బలదే" అని తీర్పిచ్చింది. అత్తగారు బావ చేతిలోని హల్వా ముక్క లాక్కుని, ఉప్పు వేసిన వేణ్ణీళ్ళు కాచమని వాడికే పురమాయించింది. ఆ రాత్రి నా పాదాల మీద బొబ్బలు లెక్కకి మించి పూరీల్లా పొంగి ఉంటే, వీధిలో ఆడవాళ్ళంతా వంతులవారీగా వచ్చి చూసి వెళ్ళారు.

అంతటితో ఆగితే బాగుండేది. మూడోనాడు బయల్దేరే పొద్దున, అరుగుల మీద జనం మధ్య మా ఆవిడ గొంతు వినబడింది.

"ఎల్లేటప్పుడు కూడా నడిసే ఎల్తాం. నానూ వొత్తన్నాను."

నా బొబ్బలు ఏకగ్రీవంగా మూర్ఛపోయాయి. ఆవిడ వైపు చూశాను. నా వైపు తిరక్కుండా ఒక కన్ను మూసింది. కోతలు కోసే నా జబ్బు నెల నాళ్ళ కాపురంలోనే ఆవిడకీ అంటుకుందని అప్పుడర్థమైంది.

వీధంతా దీవిస్తుండగా, తల ఎత్తుకుని, ఇద్దరం సముద్రం వైపు నడిచాం. పాపం నాన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. ఒక్కరంటే ఒక్కరు అనుమానించలేదు, కాళ్ళు చూడలేదు, నీళ్ళు అడగలేదు. మలుపు తిరిగాం. పడవల చాటున వంగి, సందులోంచి సందులోకి దూరి, బస్టాండులో తేలాం.

బావ అప్పటికే మా పెట్టె బస్సెక్కించి, కిటికీలోంచి చెయ్యి దూర్చి సీటు మీద రుమాలు వేసి ఉంచాడు.

"కూకోండి" అన్నాడు. "కిటికీ పక్క సీటు."

ఆవిడ కిటికీ పక్క కూర్చుంది. తగరపువలసలో పకోడీలు నేనే కొన్నాను.