ఎలాదియోకి బస్సు పడదు

సెదేయ్‌రా రేవు పైనున్న కొండ ఊళ్లో బల్బీనా అనే ఆవిడ, ఆరేళ్ల క్రితం చచ్చిపోయిన మొగుణ్ణి ఫ్రాన్సులోని మార్సెయ్ నుంచి స్పెయిను ఈ చివరిదాకా తన పక్కనే నడిపించుకుని ఇంటికి తెచ్చుకుంది. దారిలో ఆయన రెండుసార్లు తప్పిపోయాడు. ఒకసారి అలిగి కూర్చున్నాడు కూడా.

సరే, అలిగిన సంగతి కాస్త అనుమానమే. తప్పిపోవడం కూడా ఒక్కసారే అని కొందరంటారు. కానీ ఆ నడకకి ఆవిడ సిద్ధపడటం మాత్రం ఊరంతా కళ్లారా చూసింది. చలికాలం పొడుగునా అది ఆవిడ వంటింట్లో, తలుపు బార్లా తెరిచే జరిగింది మరి.

బల్బీనా ఊరి రొట్టెల పొయ్యి చూసుకునే మనిషి. మొగుడు ఎలాదియో మార్సెయ్ రేవులో బస్తాలు మోసే పనికి వెళ్లి, అక్కడే జబ్బుచేసి పోయాడు, అక్కడే పూడ్చారు. బతికుండగా తెయ్‌షీదోలోని పునీత ఆంద్రెస్ గుడికి వెళ్లలేదు. పక్క కొండ దిగితే వచ్చే గుడే. ఎక్కడికి పోతుందిలే అని రేపూ ఎల్లుండీ అంటూ గడిపేశాడు. ఆ తీరంలో బతికుండగా ఆ గుడికి వెళ్లనివాళ్లు చచ్చాకైనా వెళ్లి తీరాలి. తోడులేకుండా వస్తే ఏ బల్లిగానో కప్పగానో పాక్కుంటూ రావాలి. అందుకే అయినవాళ్లు సమాధి దగ్గరికి వెళ్లి, పేరుపెట్టి పిలిచి, వెంటబెట్టుకుని వస్తారు. దారంతా కబుర్లు చెబుతారు, మలుపొస్తే హెచ్చరిస్తారు, బస్సెక్కితే ఆ మనిషికీ ఒక టిక్కెట్టు తీసుకుంటారు.

ఎలాదియో అక్క ఒబ్దూలియా చెప్పిందీ అదే.

"వెళ్లేటప్పుడు ఒక టిక్కెట్టు, వచ్చేటప్పుడు రెండు. అయిపోయే పనికి మ్యాపులెందుకే?"

"మీ తమ్ముడికి బస్సు పడదు, వదినా."

"చచ్చినవాడికి కడుపెక్కడిదే, తిప్పడానికి?"

"కడుపు లేకపోతే మాత్రం? అలవాటు ఎక్కడికి పోతుంది? మొదటి స్టాపులోనే దిగిపోతాడు. ఆ దిగిపోవడం నాకెలా తెలుస్తుంది? ఇక్కడిదాకా వచ్చి చూసుకుంటే పక్క సీటు ఖాళీ."

"అది ఎలాగూ ఖాళీగానే ఉంటుంది కదే!"

బల్బీనా కాసేపు ఆలోచించింది. "అదీ నిజమే," అంది. కానీ నడకే అంది.

ఆవిడ అసలు భయం బస్సు గురించి కాదు. ఎలాదియో మార్సెయ్‌కి బయల్దేరిన రోజు ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. "మళ్లీ ఈ గడప తొక్కకు," అని ఆవిడ అరిచిన అరుపు కింద రేవుదాకా వినిపించింది. చచ్చినవాళ్లని పిలవగలంగానీ లాక్కు రాలేం. ఇష్టం లేకపోతే ఆయన అక్కడే ఉండిపోతాడు. తనేమో ఫ్రాన్సు దేశమంతా గాలితో మాట్లాడుతూ నడిచొస్తుంది. వెంట వస్తున్నాడో లేదో ఎలా తెలుసుకోవడం? ఆ చలికాలం రొట్టె కోసం వచ్చిన ప్రతి మనిషినీ ఆవిడ ఆ ఒక్క మాటే అడిగింది. వాళ్ల నాన్న వెంట వస్తుంటే మెడ వెనక పొగాకు వాసన వచ్చిందని ఒకరన్నారు. తన అత్తగారు అలా వచ్చిన రోజున బస్సులో పక్క సీటు వెచ్చగా ఉందని ఒబ్దూలియా చెప్పింది. బల్బీనా అన్నీ శ్రద్ధగా విని, ఏదీ నమ్మలేదు.

దారి సంగతి చెప్పడానికి డెల్మీరో వచ్చాడు. పక్కింటివాడు, బతుకంతా లారీ తోలాడు. మార్సెయ్‌కి చేపలు మోసుకెళ్లిన రోజుల్లో వాడిన మ్యాపు తెచ్చి బల్ల మీద పరిచాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

"ఇదిగో మార్సెయ్. ఇలా పడమటికి ఆర్ల్. తర్వాత టులూజ్."

"ఏదీ?"

"ఆ చిల్లులో ఉంది. చాలా పెద్ద ఊరు, కంగారుపడకు. అక్కణ్ణించి కొండలెక్కి సోంపోర్ట్ కనుమ దాటితే మన దేశమే. కనుమ కింద ఒక పూటకూళ్లమ్మ పంది చెవులు వండుతుంది చూడు..."

"రోడ్డు పక్కన గడ్డి ఉంటుందా?"

"గడ్డా?"

"తారు మీద నడిస్తే ఆయనకి అరికాళ్లు మండుతాయి."

డెల్మీరో మ్యాపు వంక చూశాడు, కప్పు వంక చూశాడు. "నేను పైన కూర్చునేవాణ్ణి కదా, బల్బీనా. కిందికి చూడలేదు," అన్నాడు. ఎందుకో ఆ పూట గ్లాసులో పోసిన సారా ముట్టకుండానే వెళ్లిపోయాడు.

అయినా రోజూ వచ్చేవాడు. వానాకాలం వద్దని ఇద్దరూ తేల్చారు, ఆ రోజుల్లో దారి నిండా నత్తలే. ఈ యాత్రలో పాకేదాన్ని దేన్నీ తొక్కకూడదు, అది ఎవరింటి మనిషో. ఫ్రాన్సులో దారి ఎవర్ని అడగాలన్నది ఇంకో చిక్కు.

"ఎలాదియోకి ఫ్రెంచి వచ్చుగా," అంది బల్బీనా.

"చచ్చిపోయాడు కదమ్మా!"

"అదేగా నా ఏడుపు."

చలి తగ్గాక ఒక ఉదయం ఆవిడ కొత్త మాట అంది. అంత దూరం తోడు నడిపించుకు రావడం తనకి చేతనవునో కాదో ముందొకసారి పరీక్షించుకోవాలి. కొండ ఎక్కి దిగేదాకా ఎలాదియోలా ఎవరైనా తన ఎడమపక్కన నడవాలి.

"నేనా?" అన్నాడు డెల్మీరో. సారా దుకాణం దాటి నడిచిన మనిషి కాదు.

"పనేం లేదయ్యా. చచ్చిపోయి ఉండాలి, అంతే. మాట్లాడకూడదు."

సగం కొండ ఎక్కేసరికి డెల్మీరోకి నిజంగానే చచ్చినంత పనైంది. బల్బీనా మాత్రం ఇంటి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడుతోంది. "ఎలాదియో, ఇక్కడ కుడివైపు. గుంట ఉంది చూసుకో. మన ఎర్రావు పోయింది, నీకు తెలీదు కదూ. మీ అక్క ఇంకా నన్ను సాధిస్తూనే ఉంది." డెల్మీరో బూటులో రాయి పడింది. చచ్చినవాడు కుంటవచ్చో లేదో తెలియక ఓర్చుకున్నాడు.

ఊట దగ్గర ఆవిడ ఆగింది. దోసిట్లో నీళ్లు పట్టుకుంది గానీ తాగలేదు.

"ఎలాదియో, నేనా రోజు గడప తొక్కొద్దన్నాను. కోపంలో అన్నాను. నువ్వు రానంటే నాకు చెప్పు, నేనూ బయల్దేరను. ఎలా చెబుతావో నాకు తెలీదు, ఏదో ఒకలా చెప్పు."

డెల్మీరో ఒక రాతి మీద కూలబడ్డాడు.

"వద్దామనే అనుకున్నాడు," అన్నాడు.

"నువ్వు మాట్లాడకూడదన్నానా!"

"చచ్చినవాడుగా కాదు, డెల్మీరోగా చెబుతున్నా. నా ఆఖరి ట్రిప్పులో మార్సెయ్ రేవులో కలిశాడు. లారీ ఎక్కరా, ఇంటి దగ్గర దింపుతానన్నాను. కడుపులో తిప్పుతుంది, వానలు తగ్గాక నడిచొస్తానన్నాడు. ఇంత దూరం నడకేంట్రా, పిచ్చా అని నవ్వాను. అప్పుడు అడిగాడు, రోడ్డు పక్కన గడ్డి ఉంటుందా అని. అరికాళ్లు మండుతాయట."

బల్బీనా చేతుల్లో నీళ్లు కారిపోయాయి.

"ఇన్నేళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"చెప్పొద్దన్నాడు. ముందే తెలిస్తే ఇల్లంతా కడిగి, నన్నూ కడిగేస్తుంది, చెప్పాపెట్టకుండా గుమ్మంలో నిలబడతానన్నాడు. ఆ నెలలోనే పోయాడు. పోయినవాడు వద్దామనుకున్నాడని నీకెలా చెప్పను? చెబితే మాత్రం ఏం చేస్తావు?"

ఆవిడ తడి చేతులు గౌనుకి తుడుచుకుంది. "గడ్డి సంగతి ఆయనకీ చెప్పలేకపోయావన్నమాట," అంది. "లారీ తోలేవాళ్లని నమ్ముకుంటే ఇంతే. లే, దిగుదాం. ఎడమపక్కన నడవక్కర్లేదు ఇంక."

గడ్డి కోతలు ముగిసిన వారం రొట్టెల పొయ్యి తాళం ఒబ్దూలియా చేతిలో కనిపించింది. బల్బీనా కనిపించలేదు. దారికని ఒబ్దూలియా మూతి ముడుచుకునే రెండు రొట్టెలు కట్టి ఇచ్చిందట. టులూజ్ దాటాక ఒక పూటకూళ్లింట్లో ఆవిడ రెండు పళ్లేలు వడ్డించమందనీ, రెండోది కూడా ఖాళీ అయిందనీ అంటారు. ఆ ఇంట్లో కుక్క ఉందన్న మాట కూడా చెప్పుకోవాలి. ఇటువైపు మాత్రం, చలి మళ్లీ మొదలై చెస్ట్‌నట్ కాయలు రాలే రోజుల్లో తెయ్‌షీదో కొండదారిలో ఒక ఆడమనిషి గడ్డి మీదే అడుగులేస్తూ, ఎడమపక్క జాగా వదిలి, ఎవరితోనో పోట్లాడుతూ దిగడం చూసినవాళ్లు నలుగురున్నారు.

ఆ మర్నాడు పొయ్యి మళ్లీ వెలిగింది. రొట్టెకి వచ్చినవాళ్లు ఆవిణ్ణి చుట్టేశారు. దారెలా ఉంది, ఆయన వస్తున్నట్టు ఎక్కడ తెలిసింది, కనుమ దగ్గర చలేసిందా?

"ఏ దారి?" అంది బల్బీనా పిండి చేతులతో. "ఫెర్రోల్‌ పట్నంలో మా పినతల్లి కూతురికి కాన్పైతే వెళ్లాను. అక్కడే కూర్చుని వేసవంతా పిల్లల గుడ్డలు ఉతికాను. ఆ డెల్మీరోతో కొండెక్కడమేంటి, మీకు బుద్ధుందా? నేను ఎవర్నీ పిలవలేదు, ఎవరూ నా వెంట రాలేదు. మార్సెయ్ ఎటువైపుందో కూడా నాకు తెలీదు. రొట్టె కావాలా, వద్దా?"