ఎక్కడికీ వెళ్ళని మనిషి

మొన్న ఆదివారం తెలుగు ఆరాధన ముగిశాక చర్చి బయట టీ తాగుతూ నిలబడ్డాం. నా పక్కన అక్క ఉంది. సొంత అక్క కాదు, గుర్‌గావ్‌లో నేను పనిచేసిన పెద్ద ఫైనాన్స్ కంపెనీలో నాకు పై అధికారి. ఎక్కడో కొత్తగా మేనేజరైన ఒకమ్మాయి వచ్చి, మనుషులు నిలవడం లేదాంటీ అని మొరపెట్టుకుంటే, అక్క నా భుజం మీద చెయ్యి వేసింది.

"అందరికీ ప్రమోషన్లు ఎక్కడ తెస్తామమ్మా? వెళ్ళిపోతానన్నవాళ్ళకి ఇచ్చి ఆపుకోవాలి. ఇదిగో, మా చెల్లిని చూడు. తను ఎక్కడికీ వెళ్ళదని నాకు తెలుసు. అందుకే టీమ్ లీడర్ పోస్టు ఆ ఘాజియాబాద్ అతనికి ఇప్పించా."

నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకుంది ఆవిడ. నేను కూడా అలవాటుకొద్దీ నవ్వేశాను. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సయించలేదు.

మా ఆయనకు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో భీమవరం నుంచి వచ్చి జనక్‌పురిలో కాపురం పెట్టాం. నాకు ఆ కంపెనీలో లోన్ల విభాగంలో పని దొరికింది. నా హిందీ విని ఆఫీసంతా నవ్వేది. కుర్చీకీ బల్లకీ ఆడా మగా ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అలాంటి చోట ఒక మధ్యాహ్నం ఆవిడ వచ్చి, మీదే ఊరమ్మా అని అడిగింది. పరాయి ఊరి ఆఫీసులో ఒక్క తెలుగు మాట వినబడితే ప్రాణం ఎలా లేచివస్తుందో నా ఈడువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

ఆనాటి నుంచి భోజనాలు కలిసే చేసేవాళ్ళం. గోంగూర నంజుకుంటూ ఆవిడకు అన్నీ చెప్పేదాన్ని. పాప స్కూలు అడ్మిషన్ కోసం పడ్డ తిప్పలు, ఫ్లాటు కొన్న సంగతి, మా ఆయన ఉద్యోగం ఇక్కడే పర్మనెంట్ కాబట్టి ఇక ఎక్కడికీ కదలబోమన్న సంగతి, అన్నీ. తెలుగులో చెప్పుకున్నది ఇంటి విషయమనీ, ఇంగ్లీషులో చెప్పిందే ఆఫీసు విషయమనీ ఎందుకో గట్టిగా నమ్మాను. ఏటా అప్రైజల్‌లో, ఉద్యోగం తృప్తిగా ఉందా అని ఆవిడే అడిగేది. చాలా సంతోషంగా ఉందనేదాన్ని. అబద్ధం కాదు. నెలాఖరు హడావిడీ, క్యాబ్‌లో వచ్చేటప్పుడు అందరం చెప్పుకునే కబుర్లూ, అన్నీ నాకు ఇష్టమే.

టీమ్ లీడర్ పోస్టు నాదేనని ఆఫీసంతా అనుకున్నారు, నేనూ అనుకున్నాను, అప్పటికే ఆ పనంతా నేనే చేస్తున్నాను కాబట్టి. చివరికి అది నా తర్వాత చేరి, వేరే కంపెనీ పిలుస్తోందని చెప్పిన అతనికి వెళ్ళింది. అక్క నన్ను క్యాంటీన్‌కు తీసుకెళ్ళి నా కళ్ళు తుడిచింది. "చాలా కొట్లాడాను చెల్లీ, పైవాళ్ళు వినలేదు" అంది. నా కోసం పైవాళ్ళతో మాటలు పడిందే అని, మర్నాడు ఆవిడకు ఇష్టమని రొయ్యల పచ్చడి పట్టుకెళ్ళాను. ఆవిణ్ణి ఓదార్చింది నేనండీ. ఆ తర్వాత మానేసేదాకా అతని కిందే పనిచేశాను.

ఇప్పుడు మా అమ్మాయి కూడా గుర్‌గావ్‌లోనే ఉద్యోగం చేస్తోంది. సంతోషంగా ఉన్నావా అని వాళ్ళ బాస్ అడిగితే "దేఖ్‌తే హై", చూద్దాంలెండి, అంటుందట. మనసులో మాట చెప్పడానికేం అని ఎన్నిసార్లు కసిరానో. నిన్న సాయంత్రం ఫోన్‌లో మళ్ళీ ఆ మాటే అంటే, మంచిపని చేశావన్నాను. అన్నాక ఏడుపొచ్చింది. బాగున్న ఉద్యోగాన్ని బాగుందని చెప్పుకోవద్దని కన్నకూతురికి నేనే నేర్పుతున్నాను.

పోస్టు పోతే పోయింది. ఆ మధ్యాహ్నాలైనా నావే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తుంటే, పాప ఎలా ఉందని అక్క అడిగిన ప్రతిచోటా ఆగి, నా మీద ప్రేమతో అడిగిందా, నేను కదలనని రూఢి చేసుకోవడానికి అడిగిందా అని వెతుక్కుంటున్నాను.