కాఫీ ఒంటికి పడదండీ

అమలాపురంలో అద్దెగది కోసం పన్నెండు గుమ్మాలు ఎక్కి దిగాం. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుబిళ్ళ, రెండు సైకిళ్ళు. మమ్మల్ని చూడగానే ఏదో కార్పొరేట్ కాలేజీవాళ్ళు అడ్మిషన్ల కోసం వచ్చారనుకునేవారు. ఒకాయన మేం నోరు తెరవకముందే తన మనవడు బైపీసీలో చేరిపోయాడని చెప్పి తలుపేసుకున్నారు. కాదండీ, మేం మోర్మన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలం, రెండేళ్ళు చదువు మానేసి దేవుడి మాట చెబుతూ తిరుగుతామంటే, ఇంట్లో ఏమైనా గొడవపడి వచ్చేశారా అని జాలిగా అడిగేవారు.

నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. మా పద్ధతిలో ఇద్దరిద్దర్ని జంటగా పంపుతారు. నా జంట తమిళనాడు కుర్రాడు, పందొమ్మిదేళ్ళవాడు, తెలుగు నేర్చుకుంటున్నాడు. నన్ను సీనియర్‌ని చేయడం అదే మొదటిసారి. అమలాపురం మావాళ్ళకి కొత్త ఏరియా. నెల తిరిగేసరికి ఓ చోట నిలదొక్కుకోకపోతే ఏరియా మూసేసి వెనక్కి పిలిపిస్తామని పైనుంచి ముందే చెప్పారు. గది కూడా సంపాదించలేని సీనియర్ అని నలుగురూ నవ్వుతారని నా భయం. దేవుడి పని మీద వచ్చినవాడికి అంత డాంబికం ఉండకూడదు గానీ, నాకుండేది.

పదమూడో ఇల్లు బండారులంక వెళ్ళే దారిలో ఉంది. కొబ్బరితోట ఉన్న రైతుల ఇల్లు, మేడమీద గది ఖాళీ. ఇంటావిణ్ణి పిన్నిగారనీ, ఆయన్ని బాబయ్యగారనీ వరస కలిపేశాను. పిన్నిగారు మమ్మల్ని ఎగాదిగా చూసి, ముందు ఓ నెల ఉండమన్నారు, నచ్చితే తర్వాత మాట్లాడుకుందామన్నారు. నచ్చాల్సింది మాకు కాదు, ఆవిడకి. ఆ మాట అయ్యాక అరుగు మీద కూర్చోబెట్టి రెండు గ్లాసుల కాఫీ తెచ్చారు.

కాఫీ, టీ ముట్టకూడదని మా నియమం. దేవుడి ఆజ్ఞగానే నమ్ముతాం. ఆ సంగతి చెప్పడానికే నోరు తెరిచాను. కానీ ఇక్కడ అరుగెక్కినవాడు కాఫీ వద్దంటే ఆ ఇంటినే వద్దన్నట్టు. దానికి తోడు మొదటి రోజే మతం ఊసెత్తితే ఈ గది కూడా చేజారిపోతుందనిపించింది.

"కాఫీ ఒంటికి పడదండీ," అన్నాను.

"ఇద్దరికీనా అండీ?" అన్నారు పిన్నిగారు.

"ఇద్దరికీనండీ."

మావాడు నావైపు చూశాడు. నిజాయితీ గురించి ఆ ఉదయమే అతనికి అరగంట పాఠం చెప్పాను. పిన్నిగారు గ్లాసులు లోపలికి తీసుకెళ్ళారు. గండం గడిచిందనుకుని నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు ఆరున్నరకి తలుపు తీసేసరికి గుమ్మంలో రెండు గ్లాసుల శొంఠి కషాయం. ఆ వయసులో కాఫీ కూడా అరగలేదంటే లోపల ఏదో గట్టి రోగమే ఉందని పిన్నిగారు తేల్చేశారు. ఇక మా నియమాలన్నీ ఆవిడ కళ్ళకి రోగలక్షణాల్లాగే కనబడ్డాయి. పెందలాడే పడుకుంటే నీరసం. సినిమాకి రామంటే తలనొప్పి. జంటలో ఒకరు పిలిస్తే రెండోవారు పలికేంత దూరంలోనే ఉండాలి మాకు, అందుకని మావాడు దొడ్లో బాత్రూముకి వెళితే నేను బయట నిలబడేవాణ్ణి. ఓ రోజు పిన్నిగారు నా పక్కకి వచ్చి, పొద్దుట్నుంచి ఎన్నిసార్లయిందని మెల్లిగా అడిగారు.

ఆ సాయంత్రం నుంచి మా వంట ఆవిడే చేపట్టారు. బీరకాయ కూర, మిరియాల చారు, మళ్ళీ బీరకాయ కూర. మేం మేడ మీద ఆ పథ్యం తింటూంటే కింద నుంచి చింతచిగురు రొయ్యల వాసన మెట్లెక్కి వచ్చేది. ఓసారి తట్టుకోలేక సెంటర్లో హోటల్‌కి వెళ్ళి పెసరట్టు చెప్పాం. హోటలాయన మా ముందు రెండు ఇడ్లీలు పెట్టారు, చట్నీ లేకుండా. మా రోగం సంగతి ఆయన దాకా వెళ్ళిందంటే ఊళ్ళో తెలియనివాళ్ళెవరూ మిగల్లేదన్నమాట.

మేం సువార్త చెబుదామని అరుగెక్కితే జనం మాకు వైద్యం చెప్పడం మొదలుపెట్టారు. బండారులంకలో ఒక నేతపనాయన మగ్గం మీంచి లేవకుండానే తన బావమరిది కడుపునొప్పి గురించి గంటసేపు చెప్పారు. ఆయన నొచ్చుకోకూడదని నా పుస్తకం తీసి రాసుకున్నాను. దేవుడి మాట వినడానికి ఇష్టపడ్డవాళ్ళ పేర్లు రాసుకోవాల్సిన పుస్తకంలో వాము, సైంధవ లవణం, ఎండు ఉసిరిక అని ఉండేది.

నిజం చెప్పేద్దామని మావాడు రోజూ పోరేవాడు. నెల దాటనీ, గది ఖాయం కానీ అని నేను వాయిదా వేసేవాణ్ణి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అంటూండేది. నేను అడుసులో దిగి, కాలు తర్వాత కడుక్కుంటానన్న రకం.

ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టేది కాదు. మేం ఎండపూట ఇంటికొచ్చి చదువుకుంటూంటే, సరిగ్గా మూడింటికి పిన్నిగారు పెరట్లో కాయలు వలిచి పడేసిన కొబ్బరిడొక్కల గుట్ట వెనక్కి వెళ్ళేవారు. పావుగంటకి కాళ్ళు గోక్కుంటూ తిరిగొచ్చేవారు.

గడువు ఇంక రెండు రోజులుందనగా మా ఉపవాసపు ఆదివారం వచ్చింది. నెలకో ఆదివారం రెండు పూటలు అన్నం, నీళ్ళు ముట్టం. పొద్దున్న పంపిన ఇడ్లీ, మధ్యాహ్నం పంపిన అన్నం వెనక్కి పంపించాం. ఏమైందని పిన్నిగారు అడిగితే ఆకలి లేదండీ అన్నాను. నా కడుపులో పేగులు అరుస్తున్నాయి. అరగంటలో ఆరెంపీ డాక్టరుగారు స్కూటరు మీద దిగారు. అరుగు మీద సంచీ విప్పి సూది బయటికి తీసి, ముందు మావాణ్ణి చొక్కా చెయ్యి పైకి మడవమన్నారు.

మావాడికి సూదంటే చచ్చేంత భయం.

"మాకు రోగం లేదండి," అన్నాడు గబగబా. "కాఫీ తాగకూడదని మా నియమం అండి. ఇవాళ ఉపవాసం అండి. మా సీనియర్‌గారు అబద్ధం చెప్పేరండి."

అంత శుభ్రమైన తెలుగు అతని నోట నేనెప్పుడూ వినలేదు. డాక్టరుగారు చిన్నబుచ్చుకుని సూది సంచీలో పెట్టేసుకున్నారు. గది ఇవ్వరేమోనని భయపడి అలా అన్నానని, తప్పయిందని చెప్పాను.

పిన్నిగారు నన్నే చూశారు. "మీ బాబయ్యగారు శనివారం ఒంటిపూటండీ. మా మరిది కార్తీకమాసంలో ఉల్లిపాయ ముట్టరు. మాలేసుకున్నవాళ్ళు పరాయింట్లో మంచినీళ్ళు కూడా తాగరు. ఎవరినైనా మేం ఏవైనా అన్నావాండీ? నియమం అంటే సరిపోయేది. రోగం అని చెప్పేరు."

ఆ మాట అని లోపలికి వెళ్ళిపోయారు. గది పోయినట్టేననుకున్నాను. ఏరియా కూడా పోయినట్టే. మనసులో పెట్టె సర్దేసుకున్నాను. అంతలో ఆవిడ పొగలు కక్కే కాఫీ గ్లాసుతో బయటికొచ్చి, సరిగ్గా మాకెదురుగా కూర్చుని, చప్పుడయ్యేలా ఒక గుక్క తాగారు.

"నెల్రోజులైందండీ, ఈ అరుగు మీద కూచుని కాఫీ తాగి," అన్నారు. "పడనివాళ్ళ ఎదట తాగితే మీ ప్రాణం లాగేస్తుందని, ఆ డొక్కల గుట్ట వెనకాల నిలబడి తాగేను. రోజూ చీమలు కుట్టేయండీ."

నేను తలెత్తలేకపోయాను. మా దేవుడు చెప్పిన నియమం నేను దాచుకుంటే, దానికి ఉపవాసం ఆవిడ చేశారు. తెలియకుండా, నెలంతా.

కాఫీ పూర్తయ్యాక ఆవిడ గ్లాసు కింద పెట్టారు.

"గదిలో ఉండండి. మూడింటికి మాత్రం ఇద్దరూ వచ్చి ఇక్కడ కూచోవాలి. తాగక్కర్లేదండీ, నేను తాగుతూంటే చూడండి చాలు."

ఆ గదిలో ఉన్న ఆరు నెలలూ, మధ్యాహ్నం మూడింటికి మా పుస్తకంలో ఇంకే పనీ రాసుకోలేదు.