చిరునామాదారు చేతికే

ఆ ఆదివారం మదనపల్లెలోని మా శాఖా కార్యాలయంలో ఉన్నవి: నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, తాళం పడని ఇనప బీరువా, రెండు స్ట్రెచర్లు, ప్రథమ చికిత్స నేర్పడానికి వాడే, నడుము దాకా మాత్రమే ఉన్న రబ్బరు మనిషి. ఉన్నవాళ్ళు: కార్యదర్శి, నేను. బల్ల మీద మూడు మడతలు పెట్టిన ఒక కాగితం.

యుద్ధాల్లో ఎటువైపూ చేరకుండా, దెబ్బ తిన్నవాళ్ళకు సాయం చేసే సంస్థ మాది. వినడానికి గొప్పగా ఉంటుంది. మదనపల్లె వరకు మేము చేసేది రక్తదాన శిబిరాలు, ఎండాకాలం బస్టాండులో మజ్జిగ పంపకం. మజ్జిగ దగ్గర మాత్రం నిజంగానే యుద్ధాలు జరుగుతాయి, అప్పుడు కూడా మేము ఎటువైపూ చేరం. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి ఇన్వర్టర్లు బాగుచేస్తాను, ఆదివారాలు వాలంటీరును. ఫారంలో ఒక్క గడి కూడా ఖాళీ వదలనని పేరుంది కాబట్టి కార్యదర్శి ఆ కాగితం నాకు ఇచ్చాడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఇవ్వడం కూడా హోంవర్కు ఇచ్చినట్టే ఇచ్చాడు.

అది ఒక ఉత్తరం. పుంగనూరు దగ్గరి పల్లె నుంచి వెల్డింగు పనికి విదేశం పోయిన మనిషి అక్కడ యుద్ధంలో చిక్కుకుని ఒక పక్షానికి పట్టుబడ్డాడు. ఆ దేశం పేరు పలికినా ఏదో ఒక పక్షం వహించినట్టేనని మా కార్యదర్శి నమ్మకం, అందుకని నేనూ రాయడం లేదు. ఎనిమిది నెలలుగా ఇంటికి ఫోను లేదు. మా సంస్థ మనుషులు ఆ శిబిరంలోకి వెళ్ళి అతన్ని చూసి, ఉత్తరం రాయించి తెచ్చారు. ఇలాంటి ఉత్తరాలకు నియమాలు ఐదు. కవరు ఉండదు. ఇంటి విషయాలు తప్ప ఇంకేమీ రాయకూడదు. దారిలో అధికారులు చదవవచ్చు. చిరునామాదారు చేతికే ఇవ్వాలి. జవాబు ఒక్క పేజీ. మళ్ళీ ఎప్పుడు లోపలికి పోనిస్తారో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ ఒక్క పేజీ తప్పు పోకూడదు.

చిరునామాదారు అతని భార్య. పుంగనూరు దాటి పల్లెలో ఇల్లు పట్టుకునేసరికి పది గంటలైంది. అరుగు మీద అతని తల్లి చేటలో శనక్కాయలు ఏరుతోంది. కోడలు లేదు, కుప్పంలో పుట్టింటికి పోయి ఐదు నెలలైంది, అత్తాకోడళ్ళకు మాటల్లేవు. ఈ సంగతి శిబిరంలో ఉన్నవాడికి తెలిసే దారి లేదు కాబట్టి పాత చిరునామాకే రాశాడు.

"నా కొడుకు బతికుండాడా?" అని అడిగింది.

కాగితం మీద తేదీ చూసి, ఆ తేదీ నాటికి బతికే ఉన్నాడని చెప్పాను.

"ఆ తర్వాత?"

ఆ తర్వాతి సమాచారం నా దగ్గర లేదన్నాను. అప్పుడు అది నాకు చాలా సరైన జవాబుగా తోచింది. చేట నా నెత్తిన పడకపోవడం ఆమె మంచితనం.

చదివి వినిపించమంది. చిరునామాదారు నియమం చెప్పాను. ఇంతకుముందు ఎవరైనా చదివారా అని అడిగింది. అబద్ధం చెప్పడం అలవాటు లేదు కాబట్టి, మూడు ముద్రలున్నాయి, కనీసం ముగ్గురు చూసి ఉంటారని చెప్పాను.

"ముక్కూ మొగం తెలీనోళ్ళు ముగ్గురు సూసినారు. కన్నదానికి సదివేదానికి నీకు నోరు రాలేదా అప్పా?"

దీనికి శిక్షణ పుస్తకంలో జవాబు లేదు. కార్యదర్శికి ఫోను చేశాను. నియమం నియమమే అన్నాడు. ఈలోగా ఆమె లోపలికి పోయి, చీర మార్చుకుని, సంచీలో శనక్కాయలు పోసుకుని, తలుపుకు తాళం వేసి వచ్చి నా బైకు వెనక కూర్చుంది.

"పద కుప్పానికి," అంది. బైకు వెనక ఎవరిని కూర్చోబెట్టుకోవాలో చెప్పే నియమం లేదు.

పలమనేరు నుంచి వి.కోట దాకా ఒక్క విషయమే చెప్పింది: వాడిని ఆ దేశానికి తోలింది కోడలేనని. మిద్దిల్లు కావాలని పోరు పెట్టిందట. ఆ సంగతి జవాబులో మొట్టమొదట రాయాలట. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా కథ ఆపి మోకాలిని తిట్టుకునేది. వి.కోటలో టీకి ఆగితే నాకు బోండా ఇప్పించబోయింది. మేము ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదని వివరించాను.

"బోండా తింటే పార్టీ మారిపోతావా?" అంది. తిన్నాను.

కుప్పంలో ఆ ఇల్లు గ్రానైటు పాలిషు షెడ్డు పక్కనే ఉంది. తులసి కోట మీద కూడా తెల్లటి రాతి పొడి. కోడలు నన్ను చూసింది, నా వెనక దిగుతున్న అత్తను చూసింది, ఒకే కుర్చీ తెచ్చి నాకు వేసింది. అత్త గడప మీద కూర్చుంది. కోడలు సంతకం పెట్టి కాగితం తీసుకుని, నిలబడే చదువుకుంది. రెండోసారి కూడా చదువుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"అన్నా, సదివి ఇనిపించాల్నేమో ఆమెను అడుగు."

అడిగాను. ఆమె నాలుగు అడుగుల దూరంలోనే ఉంది.

"సదవమను అప్పా. నేనేమన్నా వద్దంటినా?"

చదవమందని చెప్పాను. రెండు పక్షాల మధ్య రాయబారం నడపడం గురించి మాకు ఒక పూట పాఠం చెప్పారు. అందులో ఇంత దగ్గరి పక్షాలు లేవు.

బాగున్నాడట. రెండు పూటలా రొట్టె పెడుతున్నారట. గడ్డం పెరిగిందట. అమ్మ మోకాలు ఎలా ఉంది, వాకిట్లో రేకు ఇంకా కారుతోందా అని అడిగాడు. ఆఖరున, మీరిద్దరూ ఒకరికొకరు తోడుగా ఉన్నారు, నాకు అదే ధైర్యం అని రాశాడు. అక్కడికి వచ్చేసరికి షెడ్డులో మిషను మోత ఎక్కువైంది. అత్త మళ్ళీ చదవమనలేదు.

జవాబు ఫారం తీశాను. పద్దెనిమిది గీతలున్నాయి. స్కేలు పెట్టి మధ్యలో అడ్డంగా గీత కొట్టి, పైవి తొమ్మిది అత్తకు, కిందివి తొమ్మిది కోడలికి అన్నాను. ఈలోగా కోడలు కూడా నన్ను పక్కకు పిలిచి, ఆయనను ఆ దేశానికి తోలింది అత్తేనని, అది తప్పకుండా రాయాలని చెప్పింది. ఇంటి గొడవ ఇంటి విషయమే కాబట్టి ఇద్దరూ రాయించవచ్చని, నియమాలు అడ్డు రావని చెప్పాను.

అత్త మొదలుపెట్టింది. "మోకాలు బాగుండాదని రాయి."

కోడలు గోడను చూస్తూ, "అట్ల వాసుండాది. బాగుండాదని యాల రాయాల?" అంది.

"వాడు ఆడ కూసోని నా మోకాలికి ఏడ్సాల్నా? నువ్వు రాయప్పా."

రాశాను. అబద్ధాల గురించి నియమాల్లో ఏమీ లేదు. తర్వాత కోడలి వంతు. వాకిట్లో రేకు మార్పించామని రాయమంది. రేకును పొద్దున నేను చూశాను, కింద బక్కెట్టు పెట్టి ఉంది. అత్త వైపు చూశాను. ఆమె సంచీలోంచి శనక్కాయ తీసి వొలుస్తోంది. "అత్తా నేనూ బాగుండాము" అనేది తర్వాతి వాక్యం.

అత్త భాగంలో ఇంకా రెండు గీతలు మిగిలాయి. పలమనేరు, వి.కోటల మధ్య చెప్పిన సంగతి అందులో పడుతుంది, నాకు మాట మాటా గుర్తుందని అన్నాను.

ఆమె వొలుస్తున్న శనక్కాయ పక్కన పెట్టింది. "నీకు పెండ్లయిందా నాయనా?"

లేదన్నాను.

"కాదులే," అంది. కోడలు నవ్వు ఆపుకోవడానికి లోపలికి పోయింది. మిగిలిన గీతల్లో, గడ్డం తీసేయమని, చలికి తలకు ఏదన్నా చుట్టుకోమని రాయించింది. ఖాళీ గీత లేదు.

సాయంత్రం ఆమె నా బైకు ఎక్కనని బస్సులో పోయింది. కోడలు కుప్పంలోనే ఉండిపోయింది. మడత పెట్టేముందు లెక్క చూశాను. అత్త చెప్పినవి ముప్పై ఒక్క మాటలు. కోడలు చెప్పినవి ముప్పై నాలుగు. అతన్ని ఆ దేశానికి ఎవరు పంపారన్న విషయం మీద, సున్నా.